తూటా నింపిన చేయి

మరణమునకు అనుకూలమైన ప్రతి వ్యాపారమును హింసయే యని చెప్పినచో, ఖడ్గము చేసిన కమ్మరియు, దాహార్తుల కొఱకు బావి త్రవ్వించిన పుణ్యాత్ముడును హంతకుల పంక్తిలో కూర్చుండవలసివచ్చును గదా యని 17వ శతాబ్దపు నైయాయికుడు విశ్వనాథ పంచాననుడు న్యాయసిద్ధాంతముక్తావళిలో శంకించుకొని, ఆ యాపదను తప్పించుటకై హింసాలక్షణమున మరణోద్దేశ మను విశేషణమును చేర్చెను. కత్తి చేసినవాడు ఒకని చావు గోరి చేయలేదు, కూలి గోరి చేసెను, కావున నిర్దోషి. తర్కము చదువు విద్యార్థులు ఈ మాటను వల్లించి ముందునకు సాగిపోవుదురు. నాకు మాత్రము ఆ కమ్మరి కొలిమికడ ఇంకను కొంతసేపు నిలువవలెనని యుండును. ఏలయన, తుపాకికి ఇత్తడి తూటాలను ఇంటనే తన చేతులతో నింపుకొను వేటగాడు ఆ కమ్మరివంటివాడా, కాడా యను ప్రశ్నకు ముక్తావళి ఉత్తరము చెప్పినట్లే యుండి చెప్పకున్నది.

ఆ పనిని దగ్గఱనుండి చూచినవారికి నా సందేహము సులభముగ బోధపడును. కాగితపు తూటా కొలది పేలుళ్లకే మూతి చిరిగి పాఱవేయదగిన దగును. ఇత్తడి తూటా జాగ్రత్త గలవాని చేతిలో ఏండ్లతరబడి నిలుచును. కాల్చిన తూటా అడుగున చచ్చిన టోపీని మొనగల ఇనుపపుల్లతో పొడిచి ఊడదీయవలెను; లోపల పట్టిన మసిని వేడినీట కడిగి, తడి లేకుండ ఆరబెట్టవలెను; క్రొత్త టోపీ బిగించి, కొలత చొప్పున మందు పోసి, దానిపై అట్టబిళ్లను, ఉన్నిబిళ్లను అదిమి, అటుపై చర్రాలు నింపి, పలుచని అట్టతో మూయవలెను. ఇత్తడిగోడ పలుచన గనుక 12 బోరు తూటాలో 12 బోరు బిళ్ల వదులై జారును. ఒక కొలత పెద్దదానిని వెదకి తేవలెను. ఇత్తడి మూతి కాగితమువలె మడతపడదు గనుక పైయట్ట అంచున మైనమో జిగురో రాయవలెను. పోలీసువారికిచ్చిన .410 మస్కటు తూటా యన్ననో, .303 రైఫిలు తూటాకు మెడ నొక్కక విడిచిన గొట్టమే. అది వేటగాని చేతికి చిక్కినచో, మనుష్యుని కొఱకు పుట్టిన ఇత్తడి పిట్టలపాలైన దన్నమాట. దీనిని దయ యనవలెనో, పొదుపనవలెనో!

ఈ పని యంతటిలోను ముఖ్యమైన క్షణము చర్రాల నేఱుకొనునది. కౌజుపిట్టకు సన్నరవ్వ, కుందేలునకు కొంచెము లావుది, అడవిపందికి గుండు. పిడికెడు రవ్వ తూటాలో పడిన క్షణముననే దానిచేత చావవలసినది ఏ జాతియో నిర్ణయమై పోయినది. జాతిని ఎవడును చంపలేడు, వ్యక్తినే చంపును. ఆ వ్యక్తి యింకను పొదలో మేయుచున్నదో, పుట్టనే లేదో యని తార్కికుడు అడ్డుతగులవచ్చును. ఉద్దేశమునకు ఊరు పేరు గల వ్యక్తి అక్కఱలేదని నా సమాధానము. విశ్వనాథుని కమ్మరి యుద్దేశము కూలితో తీరిపోయెను. ఈ చేతికి కూలి ఇచ్చువాడు లేడు, పిట్ట పడుటయే కూలి. మరణోద్దేశ మను విశేషణము కమ్మరిని విడిపించిన చోటనే ఇతనిని పట్టుకొనుచున్నది.

ఈ సూక్ష్మమును జైనులు మనవారికంటె తఱచి చూచిరి. వారి యాచార్యుడు ఉమాస్వాతి తత్త్వార్థసూత్రము ఆఱవ అధ్యాయమున ఒక్క చేతను మూడుగ విడదీసెను: చేయుదునని తలచుట సంరంభము, సాధనములు కూర్చుకొనుట సమారంభము, చేతకు పూనుకొనుట ఆరంభము. ఈ మూటిని మనోవాక్కాయములచేతను, తాను చేయుట, పరులచేత చేయించుట, చేసినదానికి సమ్మతించుట యను మూడు విధములచేతను, క్రోధాది కషాయములు నాలుగింటిచేతను గుణించి నూటయెనిమిదిగ లెక్కవేసిరి. లెక్క కొంత విసుగు పుట్టించును గాని, సమారంభ మను మాట తూటాబల్ల మీద పెట్టినట్లు సరిపోవును. వస్తువులను ఒకదానితో నొకటి జతపఱచుటను సైతము వారు సంయోగ మను పేర పాపమునకు అధికరణముగ చెప్పిరి. మందు ఒకచోట, టోపీ ఒకచోట, రవ్వ ఒకచోట నుండగా ఎవనికిని చేటు లేదు.

మనుస్మృతి చేసిన ఘాతకుల పట్టిక చిత్రమైనది. అనుమతించినవాడు, చంపినవాడు, కోసినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు, అందఱును అందు గలరు. ఆయుధము సిద్ధపఱచినవాడు లేడు. అరణ్యపర్వములోని ధర్మవ్యాధుడు కౌశికునితో తాను స్వయముగ చంపననియు, పరులు చంపినదానిని అమ్ముచున్నాననియు చెప్పుకొని, దున్నునప్పుడు నాగటికఱ్ఱు క్రింద నలుగు ప్రాణుల మాటయు ఎత్తెను. కార్ఖానా తూటా కొన్నవాడును పాపమును ఇట్లే పంచుకొనగలడు: మందు చేసినది ఒకరు, మూతి మడిచినది యంత్రము, అమ్మినది వేఱొకరు. ఇత్తడి తూటా నింపుకొన్నవానికి పంచుకొనుటకు ఎవరును లేరు. ఇందు ఒక నిజాయితీ కలదు; దానిని నేను కాదనను.

అమ్రాబాదు పీఠభూమిలోని చెంచువారిని గూర్చి మానవశాస్త్రజ్ఞుడు హైమండార్ఫ్ 1943లో ప్రకటించిన గ్రంథమున వారి దేవత గారెలమైసమ్మ కనబడును. అడవియు, అడవిమృగమును ఆమెవి. వేటలో పడినదానిలో ఆమె పాలు ఆమెకు చెల్లవలెను. ఆ చెంచు వేటగానికి విల్లు ఎక్కుపెట్టుటకును బాణము విడుచుటకును నడుమ ఎడమే లేదు. 1946 మొదలు 1951 వఱకు నల్లగొండ పల్లెలలో తెలంగాణ సాయుధపోరాటమున తిరిగిన భర్మారు తుపాకిలోను మందు గొట్టములోనికే దిగును, తుపాకినుండి వేఱుపడి నిలువదు. తూటా యొక్కటే చంపుటను చంపువానినుండి విడదీసి, డబ్బాలో పెట్టి, అటకపై దాచుటకు వీలు కల్పించినది.

యజ్ఞము నేడు ముగిసి, స్వర్గము ఎన్నడో కలుగునప్పుడు నడుమ నిలుచున దేది యని మీమాంసకులు ప్రశ్నించుకొని అపూర్వ మనిరి. భట్టమతమున అది కర్తయొక్క ఆత్మయందుండును. నింపిన తూటాలో ఆ శేషము కంటికి కనబడు వస్తువునందే యున్నది. వట్టి ఇత్తడికి సైతము ఇట్టి జ్ఞాపకము కలదు. ఇండియాలోని బ్రిటిషు సైన్యపు తూటాలు వానకాలమున గుఱ్ఱపుసాలలలో నిలువ యుండి, ఎవరును ముట్టకయే పగులుచుండెను. లోహమును సాగదీసి గొట్టము చేసిననాడు అందు దాగిన బిగువునకు గుఱ్ఱపు మూత్రమునుండి లేచిన అమ్మోనియా సహకారి యగుటయే కారణమని 1921లో తేలినది.

వేటను కట్టడి చేసిన 1972 వన్యప్రాణి చట్టము తరువాత, నింపియు కాల్చని తూటాలు ఎవని అటకమీదనైన మిగిలియున్నచో వాటిని నింపినవాని గతి యేమి? సంరంభ సమారంభములు పూర్తియైనవి, ఆరంభము లేదు. ఫలము లేదు గనుక దోషము లేదని నేననను. చేయి చేసినది చేసియే యున్నది. కాని మైనము గీకి, చర్రాలు దులిపి, మందు వేఱుచేసి, వచ్చిన దారినే ఒక్కొక్క అడుగు వెనుకకు నడచుట జైనులు చెప్పు ప్రతిక్రమణమునకు తగిన రూపమే యని నా మతము. చిక్కంతయు చివరి అడుగున నున్నది: కాలని టోపీని పొడిచి తీయుట అపాయము, అది వ్రేళ్లలోనే పేలవచ్చును. తీయకున్నచో, 1959 ఆయుధ చట్టము తూటాభాగములను, వాటిని చేయు యంత్రములను సైతము మందుగుండు క్రిందనే లెక్కించుచున్నది గనుక, ఆ వట్టి గొట్టమును మందుగుండే. ఈ విషయమున మన పార్లమెంటు విశ్వనాథుని విడిచి ఉమాస్వాతి పక్షము వహించినది.