వాత్సల్యము – వివేకము

“తాతయ్యా, ప్రమాదంలో చిక్కుకున్నాను. నాన్నతో చెప్పవద్దు. వెంటనే డబ్బు పంపించు” అని అర్ధరాత్రివేళ ఫోనులో మనుమని కంఠము వినబడినచో ఏ వృద్ధుని హృదయము కరగకుండును? ఆ వాత్సల్యమే మోసగానికి పెట్టుబడి. కొద్ది క్షణముల ధ్వనిముద్రణ దొరకినచో నేడు యంత్రము ఒకరి గొంతును అచ్చముగా అనుకరింపగలదు. కావున చెవిని నమ్ముట చాలదు.

అట్టివేళ సందేహించుట ప్రేమకు లోపమా? కానే కాదు. ఆ ఫోను పెట్టివేసి, మనుమని పాత నంబరునకు తానే ఫోను చేసి విచారించుట ప్రేమకు కావలి. “ఎవరికీ చెప్పవద్దు” అను మాటయే వంచనకు గుర్తు. ఇంటివారికి మాత్రమే తెలిసిన ఒక గుర్తుమాటను ముందుగానే ఏర్పరచుకొనుట మేలు.

ఇక పిల్లల ధర్మమొకటి కలదు. మోసపోయిన పెద్దలను “ఇంత తెలివితక్కువా?” అని నిందించినచో వారు సిగ్గుచే మౌనము వహింతురు, ఆ మౌనము మోసగానికే మేలు చేయును. వెంటనే సైబరు నేరముల సహాయ సంఖ్య 1930కి తెలిపినచో, పంపిన ధనమును దారిలోనే బ్యాంకులు నిలుపుటకు అవకాశముండును. ఆలస్యమైనకొలది ఆ ఆశ సన్నగిల్లును.

తప్పు నమ్మినవారిది కాదు, నమ్మించి దోచినవానిది. జరిగినది పెద్దలు నిర్భయముగా చెప్పుకొనగల ఇల్లే వారికి నిజమైన రక్ష.