ఆర్తరక్షణకు ధైర్యము

భగవంతుని నమ్మినవాడు భయపడరాదని పెద్దలు చెప్పుదురు. అయినను నిత్యము తిరువారాధనము చేయువారును, సహస్రనామ పారాయణము తప్పనివారును పరులకు ఆపద కలిగిన వేళ వెనుకంజ వేయుట లోకమున కలదు. బలవంతుడు దుర్బలుని బాధించుచుండగా అడ్డుపడుటకు జంకుదురు. అంటురోగపీడితుని గడప తొక్కుటకు సంకోచింతురు. వారికి దయ లేకపోలేదు, ధైర్యము చాలదు. అట్టివారి భక్తి బూటకమని కొందరాక్షేపింతురు. భయము కలిగినంత మాత్రమున భక్తి లేనట్లేనా?

ఈ విచారమునకు సుందరకాండము పదమూడవ సర్గము చక్కని ఆధారము. హనుమంతుడు లంకనంతటిని వెదకియు సీతను కానక విషాదమున మునిగెను. తాను వట్టిచేతులతో మరలినచో రాముడు జీవింపడనియు, పిమ్మట లక్ష్మణుడు, భరతశత్రుఘ్నులు, సుగ్రీవాదులు నశింతురనియు తలపోసి ప్రాణత్యాగమునకును ఆలోచించెను. నూరు యోజనముల సముద్రమును లంఘించిన వానికి దేహబలము కొరవడునా? కొరవడినది మనస్స్థైర్యము. అంతటి రామదాసునకే అధైర్యము కలిగినపుడు మనకు కలుగుట వింత కాదు. అధైర్యము భక్తిలోపము కాదు. అందే నిలిచిపోవుట మాత్రము లోపము. హనుమంతుడు నిలిచిపోలేదు. సీతారామలక్ష్మణులకును, దేవతలకును నమస్కరించి, కార్యసిద్ధిని వారియందుంచి, అశోకవనప్రాకారముపైకి దుమికెను.

నమస్కారముచే ఏమి మారినది? శత్రువులు తగ్గలేదు, కొత్త ఆయుధము లభింపలేదు. అంతయు తనపైననే యున్నదను భారము మాత్రము తొలగినది. శ్రీమద్రామానుజులు గీతాభాష్యమున పదునెనిమిదవ అధ్యాయ సందర్భమున త్యాగము మూడు విధములని వివరించిరి. నేను కర్తననెడి తలంపును విడుచుట, ఈ కర్మము నాదనెడి మమతను విడుచుట, ఫలమును విడుచుట. మన భయములును మూడే యని యోచించిన తెలియగలదు. 'నేను చేయగలనా' యనునది మొదటిది. 'నాది నాకు దక్కునా' యనునది రెండవది. 'చేసినను ఫలించునా' యనునది మూడవది. మూడు త్యాగములును ఈ మూడు భయములకు మందు. ప్రార్థన యనగా ఆ మందును సేవించుటయే.

హనుమంతుడు జయించినది మొదటి భయమును. మూడవదానిని జయించినవాడు జటాయువు. అరువదివేల యేండ్ల వృద్ధుడనని తానే చెప్పుకొనినను రావణుని కెదురు నిలిచెను. సీతను విడిపింపలేకపోయెను. అంతమాత్రమున ఆ యత్నము వ్యర్థమైనదా? శ్రీరాముడు స్వహస్తములతో ఆ పక్షికి దహనసంస్కారము గావించి ఉత్తమలోకముల ననుగ్రహించెను. ఫలము లోకదృష్టికి కానరాకున్నను స్వామిదృష్టికి కానరాకపోదు.

రెండవ భయమును జయించిన మహనీయుడు కూరేశులు. రాజభటులు రామానుజులకై రాగా, ఆచార్యుని కాషాయములను తాను ధరించి చోళరాజసభకు వెళ్లి, అచట నేత్రములను కోల్పోయిరని గురుపరంపరా గ్రంథములు చెప్పుచున్నవి. తరువాత కాంచీ వరదుని నేత్రములను యాచింపుమని ఆచార్యు లాజ్ఞాపింపగా, ఆయన తొలుత కోరినది తన యాపదకు కారకుడైన నాలూరానునకు సద్గతిని! తన కన్నులపై మమత లేనివానికి పగ యెక్కడిది, భయమెక్కడిది?

'ప్రార్థించితిని, ఇక స్వామియే చూచుకొనును' అని చేతులు ముడుచుకొనువారు కలరు. ఇది శరణాగతి కాదు, ఆలస్యమునకు శరణాగతి పేరు పెట్టుట. మన చేతులును స్వామి సొత్తే గదా! ఆయన వానిని వినియోగింపదలచినపుడు దాచుకొనుట శేషత్వమునకు విరుద్ధము. అట్లని ఈత రానివాడు మడుగులో దుముకవలెనని కాదు. కేక వేసి పదిమందిని పిలుచుటయు రక్షణమే.

2020, 2021 సంవత్సరములలో కరోనా మహమ్మారి ప్రబలినపుడు బంధువులును దరిచేరని మృతదేహములకు అన్యులు అంత్యక్రియలు జరిపిరి. వారికి మాత్రము భయము లేకుండునా? భయముతోనే అడుగు ముందుకు వేసిరి. జటాయువునకు రాఘవుడు చేసిన కార్యమునే వారును చేసిరి.

కావున ఆస్తికులు ఉదయమున స్వామి సన్నిధిని దీపము వెలిగించునపుడు, 'నాకు ఆపద రాకుండుగాక' యని మాత్రమే కాక, 'నేడు ఆర్తుడెవడైన నాకెదురైనచో నా కాలు వెనుకకు పోకుండుగాక' యనియు ప్రార్థింతురుగాక. గజేంద్రుని మొర విని పరుగున వచ్చిన ఆ శ్రియఃపతి, తన దాసులనును ఆర్తుల కడకు పరుగున పంపుగాక.