చేను గట్టున చాటు

మహబూబాబాద్ వైపు మిర్చి ఏరే రోజుల్లో, పొద్దున చేనుకు పోయిన గర్భిణి మాపటిదాకా నీళ్లు తాగడానికి జంకుతుంది. తాగితే పక్కకు పోవాలి, చాటు దొరకదు. ఇది ఆమె తప్పు కాదు.

నీళ్లు తాగకపోవడానికి తోడు, కడుపుతో ఉన్నప్పుడు మూత్రనాళాలు వదులవుతాయి, వాటిని గర్భసంచి నొక్కుతుంది. మూత్రం నిలిచి క్రిములు పెరుగుతాయి. వందలో 2 నుంచి 10 మంది గర్భిణుల్లో మంటా నొప్పీ లేకుండానే అవి ఉంటాయి. వదిలేస్తే మూత్రపిండాలకు పాకి చలిజ్వరం, నెలలు నిండని కాన్పు దాకా పోవచ్చు. మూత్రంలో మంట పుడితే, వేడి చేసిందని సబ్జా నీళ్లతో సరిపెట్టకండి, అక్కా.

జనగామలోనైనా భూపాలపల్లిలోనైనా ప్రతి నెలా 9న సర్కారు దవాఖానలో గర్భిణులకు ఉచిత పరీక్షలుంటాయి, 2016 నుంచి. మూత్ర పరీక్ష అడిగి చేయించుకోండి. బిడ్డకు హాని చేయని మందులున్నాయి; డాక్టరు రాసినన్ని రోజులూ వాడండి.

రైతన్నలూ, గట్టున నాలుగు కర్రలు పాతి చీర చాటు కట్టించండి.