కట్టినది ఎవరి కోసం?

మానవుడికి ఆయుష్షు తక్కువ, ఆశ ఎక్కువ. అరవై డెబ్భై ఏళ్లు బ్రతికి వెళ్లిపోయేవాడు వెయ్యేళ్లు నిలిచే కట్టడాలు కట్టాలని తపిస్తాడు. ఈ తపన మంచిదా, చెడ్డదా? పూర్వీకుల మహా కట్టడాలను చూసినప్పుడు విశ్వాసి ఏమనుకోవాలి? నోరు తెరిచి ఆశ్చర్యపడాలా? లేక ఇదంతా మట్టిలో కలిసేదేగా అని ముఖం తిప్పుకోవాలా?

దివ్యఖుర్ఆన్ ఈ విషయంలో మనకు రెండు రకాల ఉదాహరణలు చూపిస్తుంది. ఎత్తైన ప్రతి చోటా వృథా స్మారకాలు కట్టి, చావే లేనట్టు మిడిసిపడిన ఆద్ జాతిని ప్రవక్త హూద్ (అలై) మందలించారు. కొండలను తొలిచి ఇళ్లు మలచుకున్న సమూద్ జాతిని ఆ నైపుణ్యం కాపాడలేదు. అయితే అదే గ్రంథం 'కహఫ్' సూరాలో జుల్‌ఖర్‌నైన్ గురించి కూడా చెబుతుంది. దుండగుల దాడులతో అల్లాడిపోతున్న ఒక బలహీన జాతి కోసం ఆయన ఇనుము, కరిగిన లోహంతో పెద్ద అడ్డుగోడ కట్టించాడు. వారు ఇస్తామన్న సొమ్ము తీసుకోలేదు. పని పూర్తయ్యాక అది తన ప్రభువు కారుణ్యమేనన్నాడు.

అంటే ధర్మం కట్టడాన్ని తప్పుపట్టలేదు. అది ఎవరి కోసం, ఏ ఉద్దేశంతో అన్నదే అసలు ప్రశ్న.

ఈజిప్టులోని ఖూఫూ పిరమిడ్‌నే తీసుకోండి. సుమారు 4,500 ఏళ్ల క్రితం, దాదాపు 146 మీటర్ల ఎత్తున, ఇరవై లక్షలకు పైగా రాళ్లతో దాన్ని పేర్చారు. ఆ లెక్కకు, ఆ పనితనానికి నేటి ఇంజనీర్లు కూడా తల ఊపుతారు. కాని అది ఒక్క మనిషి సమాధి. అతని దేహం కూడా ఇప్పుడు అందులో లేదు.

ఇక మన ప్రాంతానికి వద్దాం. పామిడి పెన్న ఒడ్డున ఉన్న ఊరు. పేరుకు నది ఒడ్డు, కాని ఏడాదిలో చాలా నెలలు కనిపించేది ఇసుకే. జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. పామిడి నుండి ఉత్తరానికి వెళితే గుత్తి కొండమీద కోట కనబడుతుంది. దాని కోసం ఎన్నో యుద్ధాలు జరిగాయి. 1776లో హైదర్ అలీ దాన్ని మురారిరావు నుండి గెలుచుకున్నాడు. ఈ రోజు అక్కడ గెలిచినవారూ లేరు, ఓడినవారూ లేరు. దక్షిణానికి వెళితే అనంతపురం పక్కనే బుక్కరాయసముద్రం చెరువు ఉంది. పద్నాలుగో శతాబ్దంలో విజయనగర రాజు మొదటి బుక్కరాయల కాలంలో తవ్వించినది. కోట ఒక వంశాన్ని కాపాడటానికి పుట్టింది, చెరువు ఊళ్ల దాహం తీర్చడానికి పుట్టింది. రెంటికీ రాయి ఒకటే, చెమట ఒకటే. ఉద్దేశం వేరు.

ఆ కాలపు చెరువు పని ఎలాంటిదో కడప జిల్లా పోరుమామిళ్లలోని 1369 నాటి శాసనం చెబుతుంది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల శ్రమ. చెరువుకు ఉండకూడని ఆరు దోషాలు కూడా అందులో చెక్కించారు: కట్టలో నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, చెరువు నడుమ మిట్ట ఉండటం, నీరు కొంచెమై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం. వీటిలో మూడోది గమనించండి. నీరున్న చోట జగడం వస్తే ఆ నీరు ఎవరికీ అక్కరకు రాదని ఆ పెద్దలకు తెలుసు.

కట్టించినవారు మన ధర్మంవారు కారు కదా, వారిని మెచ్చుకోవచ్చా అని కొందరికి సందేహం రావచ్చు. మక్కాలో ఇస్లాంకు ముందే బాధితుల పక్షాన నిలబడటానికి కొందరు పెద్దలు ఒక ఒప్పందం చేసుకున్నారు. దాని పేరు 'హిల్ఫుల్ ఫుజూల్'. దైవప్రవక్త (సఅసం) యువకునిగా అందులో పాల్గొన్నారు. ప్రవక్త పదవి లభించిన తర్వాత కూడా దాన్ని మెచ్చుకున్నారు. మేలు ఎవరు చేసినా మేలే. వారి లెక్క అల్లాహ్ చూసుకుంటాడు. మన లెక్క మనం చూసుకోవాలి.

బుక్కరాయసముద్రం కట్టను గురించి జనం ఒక కథ చెప్పుకుంటారు. కట్ట తెగబోతే ముసలమ్మ అనే ఇల్లాలు ఊరి కోసం ప్రాణం అర్పించిందట. ప్రాణాలు బలి ఇస్తే కట్ట నిలుస్తుందన్న నమ్మకాన్ని మన ధర్మం అంగీకరించదు. అయినా ఆ కథలో ఒక చేదు నిజం ఉంది. పెద్ద కట్టడాలకు పేరు రాజులది, మూల్యం మాత్రం పేదలది. చెమట ఆరకముందే కూలీకి కూలి చెల్లించమన్న ప్రవక్త (సఅసం) బోధ ఇక్కడే గుర్తుకు రావాలి. మనం కట్టే చిన్న ఇంటికైనా, మస్జిదుకైనా ఈ నియమం వర్తిస్తుంది.

ఇంకొక మాట. కట్టినవారినే కాదు, వారసులను కూడా అల్లాహ్ ప్రశ్నిస్తాడు. యమన్‌లో సబా జాతివారి మారిబ్ ఆనకట్ట వెయ్యేళ్లకు పైగా తోటలకు నీరిచ్చింది. ఆ జాతి కృతఘ్నత చూపింది, వరద వచ్చింది, తోటల స్థానంలో చేదు పండ్ల చెట్లు మిగిలాయని ఖుర్ఆన్ తెలుపుతుంది. కృతజ్ఞత నాలుకతో చెప్పే మాట మాత్రమే కాదు. చేతికి అందిన వరాన్ని కాపాడటం కూడా కృతజ్ఞతే.

మన పూర్వీకులకు ఈ సంగతి తెలుసు. చెరువు బాగుచేయించేవారికి రాయలసీమలో 'దశబంధం' మాన్యాలు ఉండేవి. తూము తెరిచి నీరు పంచడానికి నీరుగంటి ఉండేవాడు. మన వక్ఫ్‌లో ఉన్న భావం కూడా ఇదే: మూలం చెక్కుచెదరకూడదు, ఫలం ప్రజలకు అందాలి. హజ్రత్ ఉస్మాన్ (రజి) మదీనాలో రూమా బావిని కొని అందరికీ వదిలారు. హారూన్ రషీద్ భార్య జుబైదా మక్కా యాత్రికుల కోసం కాలువ తవ్వించారు. మనిషి చనిపోయాక కూడా పుణ్యం ఆగని కార్యాలలో నీటి ఏర్పాటు ఒకటి.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. ఎన్నో చెరువులు పూడిక నిండి, కంపచెట్లు మొలిచి, కాలువలు మూసుకుపోయి ఉన్నాయి. చెరువు శిఖం భూమిలో ప్లాటు చౌకగా వస్తుందంటే కొనడానికి మనలోనూ సిద్ధపడేవారు లేకపోలేదు. అన్యాయంగా జానెడు నేల ఆక్రమించినవాడి మెడకు ప్రళయదినాన ఏడు భూముల భారం చుట్టబడుతుందన్న హెచ్చరిక వారికి వినబడలేదా? మిగులు నీటిని ఇతరులకు అందకుండా ఆపవద్దన్న ఆదేశం బోరు ఉన్న రైతుకు వర్తించదా? పారే ఏటి ఒడ్డున వుజూ చేసినా నీరు వృథా చేయవద్దని బోధించిన ప్రవక్త అనుచరులం మనం. మన ఇంట్లో కొళాయి కారుతూనే ఉంటే ఎలా?

పిరమిడ్ కట్టే శక్తి మనకు లేదు, అవసరమూ లేదు. మీ వీధిలో దాహం తీర్చే ఒక కుండ పెట్టండి. మస్జిదు పైకప్పు మీద పడే వాన నేలలోకి ఇంకేలా ఒక గుంట తవ్వించండి. ఊరంతా కలిసి కాలువ పూడిక తీసే రోజు, వారు ఏ మతంవారని చూడకుండా పార పట్టుకుని వెళ్లండి. రేపు ప్రభువు సన్నిధిలో కట్టడం ఎత్తును ఎవరూ కొలవరు. దానివల్ల ఎవరి దాహం తీరిందన్నదే అడుగుతారు.

తన దాసులకు మేలు చేకూర్చే పనుల్లో మన చేతులను, మన సంపదను వినియోగించే భాగ్యం అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.