కమాన్ పట్టీలు దాచిన బరువు

నాగర్‌కర్నూల్ దగ్గరి పల్లెలో ఒక పిల్లగాడికి పికప్ బండి ఉండేది. పల్లీల కాలంలో కిరాయిలు బాగా దొరుకుతున్నాయని దాని వెనక రెండు చక్రాల ట్రాలీ తగిలించాడు. వెనక బరువు పెడితే ట్రాలీ తోక ఊపుతుందని ఎవరో చెప్పారు. అది పట్టుకొని బస్తాలన్నీ ట్రాలీ ముందు పలకకే ఆనించి పేర్చాడు. పికప్ వెనక కూలబడింది, మూతి పైకి లేచింది. రాత్రిపూట లైట్లు రోడ్డు మీద కాక వేపకొమ్మల మీద పడేవి. ఎదురొచ్చే లారీల వాళ్లు తిట్టుకుంటూ పోయేవారు.

మేస్త్రీ దగ్గరికి పోతే వెనక కమాన్ కట్టలకు చెరో రెండు పట్టీలు ఎక్కించాడు. బండి మట్టంగా నిలబడింది, లైట్లు మళ్లీ రోడ్డు మీదికి దిగాయి. పిల్లగాడు దూరం నుంచి చూసుకొని మురిసిపోయాడు.

అకాల వాన పడ్డ ఒక సాయంత్రం అచ్చంపేట మార్కెట్‌కు పోతూ మలుపులో బ్రేకు తొక్కి స్టీరింగ్ తిప్పాడు. ముందు చక్రాలు తిరిగాయి గానీ బండి తిరగలేదు. జారుకుంటూ నేరుగా పోయి పొలం గట్టుకు తగిలింది. మనిషికి దెబ్బ తగల్లేదు. బస్తాలు పగిలి పల్లీలు బురదపాలయ్యాయి.

గట్టు మీద ఉన్న ముసలాయన దిగి వచ్చాడు. వయసులో ఎద్దుల బండి తోలిన మనిషి. ఇక్కడి పాతకాలపు వాళ్లకు బరువుల సంగతి ఒకరు నేర్పనక్కర్లేదు. ఆయన పికప్ వైపు చూడనే లేదు. ట్రాలీ కొక్కెం విప్పించి, "పట్టు బిడ్డా" అని నొగకు చెయ్యేశాడు. ఇద్దరూ బలమంతా పెట్టినా నొగ ఇంచు లేవలేదు.

"కాడి బరువుకు ఎద్దులు మోకాళ్లు వంచితే, మేము వాటి కాళ్లకు కట్టెలు కట్టలేదు. బస్తాలు ఎనక్కి జరిపినం."

"అయితే అన్నీ ఎనక్కే జరపాల్నా తాతా?"

"గట్ల చేస్తే కాడి మీదికి లేస్తది, మెడతాడు ఎద్దు గొంతుకు బిగుస్తది. బరువు ఇరుసు మీద పడాలె. మెడ మీద జర ఆనాలె, గంతే."

చీకటి పడేలోగా మిగిలిన బస్తాలను ఇరుసు మీదికి సర్దారు.

నీతి: కుంగిన చోటును ఎత్తే ముందు అక్కడ బరువు ఎందుకు పడిందో చూడాలి.

మలుపులో బండి ఎందుకు తిరగలేదో లెక్క చూద్దాం. రెండు ఇరుసుల మధ్య 3 మీటర్లు, వెనక ఇరుసు నుంచి కొక్కేనికి 1 మీటరు ఉన్న బండి అనుకోండి. కొక్కెం మీద 300 కిలోలు పడితే వెనక ఇరుసు మీద 400 పెరుగుతాయి, ముందు ఇరుసు మీద 100 తగ్గుతాయి. స్టీరింగ్‌కూ బ్రేకుకూ పట్టునిచ్చే బరువులోంచి పోయినవే ఆ 100 కిలోలు. పట్టీలు ఎత్తును తెస్తాయి తప్ప వాటిని వెనక్కి తేలేవు, బండి మోయగల హద్దునూ పెంచలేవు.

లోడు వేశాక కాటా దగ్గర ఆగండి. ట్రాలీ చక్రాలు కాటా పలక బయటే ఉంచి పికప్‌ను తూచండి, ట్రాలీ విప్పి మళ్లీ తూచండి. ఆ తేడాయే కొక్కెం మీది బరువు. ట్రాలీ, సరుకు కలిపి 1,000 కిలోలైతే అది 100 నుంచి 150 మధ్య ఉండాలి. ఎక్కువుంటే బస్తాలు వెనక్కి, తక్కువుంటే ముందుకు జరిపించండి.