ఎఱ్ఱ బంతి

చదువవలసిన భాగము: హెబ్రీయులకు 5:11–14

హెబ్రీ పత్రికను వ్రాసిన భక్తుడు పాలు త్రాగు శిశువులకును, బలమైన ఆహారము తిను పెద్దలకును గల భేదమును చూపుచున్నాడు. పెద్దలైనవారి జ్ఞానేంద్రియములు ఎట్లు సిద్ధపడెనో చెప్పుటకు అతడు వాడిన గ్రీకు క్రియ వ్యాయామశాలకు చెందినది. నేడు పట్టణములలో జిమ్ అని పిలువబడు స్థలము పేరును ఆ మాట వంశములోనిదే. తెలుగు తర్జుమాదారులు దానికి ‘సాధకము’ అను మాటను ఎన్నుకొనిరి. సంగీతము నేర్చువారికి చిరపరిచితమైన ఈ మాట మిక్కిలి తగినది. ఒకే స్వరమును నూరుమారులు తప్పి నేర్చుకొనువాని శ్రమ అందులోనున్నది.

ఈ శ్రమ ఎట్టిదో టెన్నిసు క్రొత్తగా నేర్చువానియందు చూడవచ్చును. భిలాయిలోని నెహ్రూ నగర్‌లో నివసించుచు, ఉక్కు కర్మాగారములో ముప్పది యేండ్లు పనిచేసి విరమించిన తెలుగు పెద్ద ఒకడు ఈ ఆటకు దిగెననుకొనుడి. సంఘములోను ఆయన పెద్దయే. నేర్పు యువకునికి ఆయన మనుమని వయస్సు. “అంకుల్, బంతిని చూడండి” అని అతడు పదిమారులు చెప్పును. పెద్దాయన చూచుచునేయున్నాననుకొనును, నిజమునకు ఆయన కన్ను బంతి పోవలసిన చోటిమీద ఉండును. రాకెటును సుత్తివలె బిగించి పట్టును. బంతి నేలను తాకిన తరువాత చేయి వెనుకకు తీయును, అప్పటికే ఆలస్యము. కొట్టినది కంచె దాటును, లేదా మధ్యలో మూడే అడుగుల ఎత్తుగల వలలో పడును.

అప్పుడు యువకుడు ఆయన చేతిలో ఎఱ్ఱ బంతిని పెట్టును. అంతర్జాతీయ టెన్నిసు సమాఖ్య 2007లో ఆరంభించిన ప్రచారముతో ఈ పద్ధతి లోకమంతట వ్యాపించెను. ఎఱ్ఱ బంతి సాధారణ బంతికంటె 75 శాతము నెమ్మదిగా పోవును. నారింజ బంతి 50 శాతము, ఆకుపచ్చది 25 శాతము. ఎఱ్ఱ బంతికి 78 అడుగుల కోర్టును 36 అడుగులకు తగ్గింతురు. పదియేండ్లలోపు పిల్లల పోటీలలో ఈ నెమ్మది బంతులనే వాడవలెనని 2012 నుండి నియమము. పెద్దవయస్సున మొదలుపెట్టువారికిని వీటిని ఇచ్చుట కలదు.

“ఇది పిల్లల బంతి గదా!” అని పెద్దాయన మనస్సు నొచ్చుకొనును. అనేకులు ఇక్కడనే ఆట మానుకొందురు. నలువది యేండ్లు బల్లయొద్ద ప్రార్థన నడిపించినవాడు, ఏకాంతమున ప్రార్థించుట తనకు రాదని ఎవరితో చెప్పుకొనగలడు? సిగ్గుచేత అతడు గట్టి బంతినే అడుగును: ప్రకటన గ్రంథములోని సంఖ్యలనుగూర్చి వాదించును. (అట్టి వాదము సులభము, రెండేండ్లుగా మాటలాడని తమ్ముని గుమ్మము ఎక్కుట కష్టము.) పత్రికాకారుడు పాలను నిందింపలేదని చదువరి గమనింపవలెను. బోధకులై యుండవలసిన కాలమున మూలపాఠములే మరల కావలసిన వారిని అతడు గద్దించెను. అయినను, అట్టివారికి పాలే అవసరమని దాచక చెప్పెను. పాలను తిరస్కరించువాడు మాంసమునకు చేరడు, ఆకలితోనే యుండును. మరియు పెద్దరికమునకు అతడు చెప్పిన గుర్తు తెలిసిన సంగతుల సంఖ్య కాదు, మేలు కీడులను వివేచించు శక్తి. వచ్చు బంతి గీతకు లోపల పడునో వెలుపల పడునో ఏ పుస్తకమును నేర్పదు. వేల బంతులు చూచిన కన్నే చెప్పును.

పెద్దవారు నేర్చుకొనుట భిలాయికి క్రొత్త కాదు. 1955లో సోవియట్ ప్రభుత్వముతో ఒప్పందము జరిగెను. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించెను. అంతకుముందు ఉక్కు కరుగుట ఎన్నడును చూడని మనుష్యులు, వారిలో ఆంధ్రదేశమునుండి వెళ్లిన తెలుగువారును, పరదేశపు నిపుణుల ప్రక్కన నిలిచి, దుబాసీల నోట విని, ఆ పని నేర్చిరి. పెండ్లాము బిడ్డలుగల మగవారు అక్కడ విద్యార్థులైరి.

అట్టి స్థలమున ముప్పది యేండ్లు పనిచేసిన పెద్దాయనకు ఎఱ్ఱ బంతి అంత బరువు కానక్కరలేదు. మొదటి వారము ఆయన దానిని కూడ తప్పించుకొనును. రెండవ వారము ఒక సాయంకాలమున బంతి నేలను తాకి లేచువరకు ఆయన కన్ను దానిని విడువదు. అది వల దాటి అవతల పడును. యువకుడు ఏమియు అనక ఇంకొకటి వేయును.