మన విచారణకు ఒక లాయరు



తపస్సుకాలం నాలుగవ వారం శనివారంనాడు, ఐదవ వారం సోమవారంనాడు దివ్యపూజలో చదివే పఠనాలను ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. శనివారంనాడు యోహాను సువార్తలో నికోదేము పరిసయ్యుల సభలో ఒకే ఒక ప్రశ్న వేస్తాడు. మనిషి చెప్పుకొనేది వినకుండానే అతనికి తీర్పు చెప్పడం మన ధర్మశాస్త్రంలో ఉన్నదా అని అడుగుతాడు. సోమవారంనాడు దానియేలు గ్రంథం పదమూడవ అధ్యాయంలోని సూసన్న కథ వస్తుంది. నడుమ ఆదివారం ఉంది గనుక ఈ రెండింటి చుట్టరికం మన కంటబడదు. ఆదివారం మాత్రమే గుడికి వచ్చేవారికి ఈ రెండూ వినబడనే వినబడవు. అది వేరే సంగతి.

ఈ పఠనాలు నాకు మొన్న కార్వేటినగరం దగ్గర ఒక ఇంటి ప్రార్థనలో గుర్తుకొచ్చాయి. ప్రార్థన ముగిశాక ఒక తల్లి పక్కకు వచ్చి, "మావోడు విచారణలో ఉండాడు సామీ" అన్నది. మా గుడి విచారణలో ఏదో పనికి కుదిరాడు కాబోలనుకొని, "మంచిదమ్మా, ఏ ఊరి విచారణ?" అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. అప్పటికి గాని నాకు అర్థం కాలేదు. గుడికి చెందిన కుటుంబాలన్నిటినీ కలిపి మనం విచారణ అంటాం. కోర్టులో కేసు నడవడాన్ని కూడా విచారణ అనే అంటారు. తీర్పు రాకుండా జైల్లో కాచుకొని ఉండేవాడు విచారణ ఖైదీ. ఒకే మాట, ఇంత దూరం.

ఆ అబ్బాయి చిన్న లారీ నడిపేవాడు. ఒక రాత్రి బండిలో ఎర్రచందనం దుంగలు దొరికాయి. కార్వేటినగరం అడవుల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. దుంగ కొన్నవాడు ఎక్కడో ఉంటాడు, కొట్టించినవాడు ఎక్కడో ఉంటాడు, బండి తోలినవాడు మాత్రం ఎదురుగా దొరుకుతాడు. తల్లి రెండు మేకలమ్మి ఒక లాయరుకు ఫీజు కట్టింది. ఆయన రెండు వాయిదాలకు వచ్చి, మూడవదానికి రాలేదు. ప్రభుత్వం తరఫున ఉచితంగా లాయరు దొరుకుతాడని ఆమెకు ఎవరూ చెప్పలేదు. బండిలో ఏముందో కొడుక్కు తెలుసా, తెలియదా? నాకు తెలియదు. దానిని తేల్చవలసింది కోర్టు. అయితే కోర్టు తేల్చాలంటే అతని పక్కన నిలబడి అడగవలసినవి అడిగేవాడొకడు కావాలి.

ఆ సాయంత్రమే అక్కడి పెద్దల ముందు ఒక మాట పెట్టాను. ఆ ప్రాంతపు అమ్మాయి ఒకతె డిగ్రీ ముగించి లా చదువుతానంటున్నది. తండ్రి మామిడితోటలో కూలి. ఈ తపస్సుకాలంలో మనం ఉపవాసాలతో మిగిల్చే సొమ్ము ఆ పాప చదువుకు పెడదామా అని అడిగాను. నర్సు చదువుకైతే వెంటనే చేతులు లేచేవి. టీచరు చదువుకైనా అంతే, కార్వేటినగరంలోనే శిక్షణా సంస్థ ఉంది. లాయరు అనేసరికి అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరకు ఒక పెద్దాయన దాచుకోకుండా అన్నాడు: "ఏంది ఫాదర్, దొంగల్ని విడిపించేదానికా మన కానుకలు?"

ఆయన కోపాన్ని నేను తప్పుపట్టను. మన మనసుల్లోనూ అదే ప్రశ్న ఉంది. అందుకే సూసన్న దగ్గరికి వెళ్దాం.

ఆమెమీద నేరం మోపినవారు అనామకులు కారు. ప్రజలు న్యాయాధిపతులుగా ఎన్నుకొన్న ఇద్దరు పెద్దలు. సాక్షులూ వారే. పెద్దలు చెప్పారు గనుక జనం నమ్మారు, మరణశిక్ష వేశారు. సూసన్నను ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. శిక్షకు తీసుకొనిపోతుండగా ఒక కుర్రవాడు, దానియేలు, గట్టిగా అరిచి జనాన్ని ఆపాడు. దేవుడే అతని ఆత్మను మేల్కొలిపాడని గ్రంథం చెబుతున్నది. కాని తరువాత అతడు చేసిన పని చూడండి. ఆకాశంనుండి నిప్పు దిగిరాలేదు, కొత్త సాక్షి రాలేదు. ఇద్దరు పెద్దలను విడదీసి, ఒకరి మాట మరొకరికి వినబడకుండా, ఇద్దరినీ ఒకే ప్రశ్న అడిగాడు: ఏ చెట్టు కింద చూశారు? ఒకడు ఒక చెట్టు పేరు చెప్పాడు, రెండవవాడు వేరే చెట్టు పేరు చెప్పాడు. అంతే, ఒక ప్రాణం నిలిచింది.

కోర్టుల్లో దీనిని క్రాస్ ఎగ్జామినేషన్ అంటారు. ఇది దేవుని వరమే, కాని నేర్చుకోదగిన వరం. నేర్చుకున్న లాయరు కాగితం చేతికి తీసుకోగానే ఎఫ్.ఐ.ఆర్. మేజిస్ట్రేటు దగ్గరికి ఏ రోజు, ఎన్ని గంటలకు చేరిందో చూస్తాడు. పంచనామాపై సంతకం చేసిన మధ్యవర్తులు ఎవరు, నిజంగా ఆ చోటికి వెళ్ళారా అని అడుగుతాడు. డాక్టరు రాసిన గాయాలకూ సాక్షి చెప్పిన దెబ్బలకూ పొత్తు కుదిరిందా అని సరిచూస్తాడు. ఇదంతా లా కాలేజీ పుస్తకంతో రాదు. మంచి సీనియరు వెనుక, కింది కోర్టు బెంచీల మీద ఏళ్ళ తరబడి కూర్చుంటేనే వస్తుంది.

అలా అడిగేవాడు లేకపోతే ఏమవుతుందో మన రాష్ట్రంలోనే చూశాం. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోని హాస్టలులో ఒక విద్యార్థిని హత్యకు గురైంది. 2008లో ఒక పేద దళిత యువకుణ్ణి పట్టుకున్నారు, 2010లో శిక్షపడింది. చనిపోయిన బిడ్డ తల్లిదండ్రులే, చంపింది ఇతడు కాదని చెబుతూ వచ్చారు. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా విడుదల చేసింది. అప్పటికి ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో గడిచిపోయాయి. 2018లో దర్యాప్తును మళ్ళీ మొదలుపెట్టి సి.బి.ఐ.కి అప్పగించవలసి వచ్చింది. ఆ తల్లికి జరిగిన అన్యాయం ఎంత పెద్దది! కూతురు పోయింది, న్యాయమూ అందలేదు.

మన శేషాచలం కొండల్లో 2013 డిసెంబరులో ఇద్దరు అటవీ అధికారులను దారుణంగా చంపారు. తమిళనాడునుండి వచ్చిన కూలీలను వందలమందిని ఆ కేసులో పెట్టారు. 2016లో తిరుపతి కోర్టులో కేసు నిలవలేదు, అందరూ విడుదలయ్యారు. వందలమందిని ఒకే గాట కడితే, చేసినవాడెవడో ఎప్పటికి తేలుతుంది? ఆ అధికారుల ఇళ్ళలో దీపం పెట్టేవారికి మనం ఏం సమాధానం చెప్పగలం? అందుకే పెద్దాయనతో అన్నాను: నిందితుని లాయరు గట్టిగా అడిగితేనే పోలీసులు దర్యాప్తు గట్టిగా చేస్తారు. అది బాధితులకు కూడా మేలు.

చట్టం మాత్రం ఎప్పుడో ఒప్పుకున్నది. అరెస్టయినవాడు తనకు నచ్చిన లాయరును పెట్టుకోవచ్చునని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతుంది. పేదలకు ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలనే 39ఎ అధికరణం 1976 సవరణతో వచ్చింది. 1979లో కపిలా హింగోరాణి అనే మహిళా న్యాయవాది బీహారు జైళ్ళలో మగ్గుతున్నవారి తరఫున సుప్రీంకోర్టుకు వెళ్ళింది. నేరం రుజువైతే పడే శిక్షకంటే ఎక్కువకాలం, విచారణే లేకుండా లోపల ఉన్నవారు వారిలో ఉన్నారు. లాయరు కావాలని నిందితుడు అడగలేదు గదా అని ప్రభుత్వం తప్పించుకోరాదని 1986లో సుక్‌దాస్ కేసులో అదే కోర్టు చెప్పింది. అడగవచ్చునని తెలియనివాడు ఎట్లా అడుగుతాడు?

ఇప్పుడు జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. ఫోన్ నంబరు 15100. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా లాయరును ఇస్తారు. నిందితుల తరఫున పూర్తికాలం పనిచేసే న్యాయవాదులను జీతమిచ్చి పెట్టుకొనే పద్ధతి కూడా 2022 నుండి వచ్చింది. ఇవి మంచివే. కాని ఆ కుర్చీల్లో కూర్చోవడానికి మన పల్లెల పిల్లలు ఉన్నారా? కూలివాని బాధ కూలివాని బిడ్డకు వేరే చెప్పనక్కరలేదు.

ఖర్చు సంగతి. లాసెట్ రాసి సీటు తెచ్చుకుంటే డిగ్రీ తరువాత మూడేళ్ళ చదువు. బార్ కౌన్సిల్‌లో పేరు నమోదుకు చట్టం చెప్పిన 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలు మించి తీసుకోరాదని 2024 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ భారం తగ్గింది. అసలు కష్టం నల్లకోటు తొడుక్కున్న తరువాత మొదలవుతుంది. జూనియరుకు రెండు మూడేళ్ళు చేతికి దాదాపు ఏమీ రాదు. బస్సు చార్జీ ఉంటుంది, అద్దె ఉంటుంది, ఇంట్లో చెల్లెలి పెళ్ళి ఉంటుంది. 2019 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం లా నేస్తం పేరుతో జూనియర్లకు మొదటి మూడేళ్ళు నెలకు 5,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది ఈ కష్టం చూసే. ఆ ఏళ్ళు దాటలేక తెలివైన పేద పిల్లలు దస్తావేజుల పనికో, వేరే ఉద్యోగానికో తప్పుకుంటారు. పేదవాని క్రిమినల్ కేసు పట్టుకునేవారు మిగలరు. కనుక మనం సాయం చేస్తే చదువుకు సగం, ఆ తరువాతి మూడేళ్ళకు సగం దాచాలి. పట్టా రోజున పూలదండ వేసి ఊరుకోరాదు.

ఇది కొత్త భక్తి కాదు. ఫ్రాన్సులోని బ్రిటనీ ప్రాంతంలో 1253లో పుట్టిన పునీత ఈవో గురువు, న్యాయవాది కూడా. పేదల కేసులను డబ్బు తీసుకోకుండా వాదించాడు. 1347లో తిరుసభ ఆయనను పునీతునిగా ప్రకటించింది, పండుగ మే 19. మన కాలంలో యేసుసభ గురువు స్టాన్ స్వామి జార్ఖండ్ జైళ్ళలోని ఆదివాసీ విచారణ ఖైదీల కోసం పాటుపడ్డాడు. 2020 అక్టోబరులో తానే అరెస్టయ్యాడు. 84 ఏళ్ళ వయసులో, కేసు విచారణ మొదలుకాకుండానే, 2021 జూలై 5న ముంబయిలో కన్నుమూశాడు. వణికే చేతులతో నీళ్ళు తాగడానికి ఒక స్ట్రా కోసం కోర్టును అడుక్కోవలసి వచ్చిన సంగతి మీరు మరిచిపోయి ఉండరు.

ప్రభువు పవిత్రాత్మకు పెట్టిన పేరును మనం ఆదరణకర్త అని చదువుతాం. ఆ గ్రీకు మాటకు పక్కన నిలబడడానికి పిలవబడినవాడు, అంటే వకీలు, అనే అర్థం కూడా ఉంది. మన బైబిలులో నేరం మోపేవానికీ ఒక పేరుంది. అది సాతాను పేరు.

ఆ తల్లిని వెంటబెట్టుకొని న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళి దరఖాస్తు పెట్టించాం. లాయరును ఇచ్చారు, ఆయన వాయిదాకు వస్తున్నాడు. అమ్మాయి లాసెట్ పుస్తకాలు తెచ్చుకున్నది. పెద్దాయన ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. మొన్న ఆదివారం పూజ తరువాత గుడి మెట్లమీద నన్ను ఆపి, "ఫాదర్, ఆ పాప రేపు నిజంగా దొంగనే విడిపిస్తే?" అన్నాడు. అలా జరగవచ్చును పెద్దయ్యా, ఒక్కోసారి జరుగుతుంది అన్నాను. కొంతసేపు నేలచూపులు చూసి, "మామిడికాయ సొమ్ము రానీండి, మాట్లాడదాం" అన్నాడు.